మిష్మిష్ కోపం, సంజీవమ్మ కొలువు

ఆ మంగళవారం నేను ల్యాబ్ నుంచి రెండు గంటలకు ఇంటికొచ్చేసరికి మా లాస్య కింది వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఎక్కిళ్లు పెడుతోంది. ఎడమ కంటి కింద, రెప్పకి వేలెడు దూరంలో ఒక గీత. గీత చివర ఎండిన రక్తం బొట్టు. సంజీవమ్మ పిన్ని దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో చెంప అద్దుతోంది.

"పిల్లి మా," అంది నా వైపు చూడకుండా. "కంటికి తగల్లేదు. బాగా చూసినా. కంటికి తగల్లేదు."

నాకు అందులో 'కంటికి' అన్నదొక్కటే వినపడింది.

పిల్లని ఎత్తుకుని కుళాయి దగ్గరకి పరుగెత్తాను. సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగాను. నేను చదివింది బయోకెమిస్ట్రీ, చేసేది ఒక ప్రైవేటు క్లినిక్‌లో రక్తపరీక్షలు. పిల్లి గోటిలో ఏమేం ఉండొచ్చో నాకు పేర్లతో సహా తెలుసు. ఆ తెలియడం ఆ పూట నా గుండె దడ పెంచిందే తప్ప ఇంకేం చేయలేదు. లాస్య గింజుకుంటుంటే పిన్ని వచ్చి దాని తల పట్టుకుంది. గౌను చేతులు తడుస్తాయని మోచేతుల పైకి లాక్కుంది. అప్పుడు చూశాను. రెండు ముంజేతుల మీదా గీతలు. కొన్ని మానిపోయి తెల్లబడ్డవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి, ఒక చోట నాలుగు పళ్ల గుర్తులు.

మే నెల కువైట్ ఎండల్లో ఆమె మణికట్టు దాకా చేతులున్న గౌన్లు ఎందుకు తొడుక్కుంటోందో అప్పటి దాకా నాకు తట్టలేదు.

మేముండేది జాబ్రియాలో ఒక కువైటీ ఇంటి పై అంతస్తు. కింది అంతస్తులన్నీ ఇంటివాళ్లవే. ఇంటావిడని అందరూ పెద్దకొడుకు పేరుతో ఉమ్ యూసుఫ్ అంటారు. పిన్ని మాత్రం, ఇక్కడి పనివాళ్లు యజమానురాలిని పిలిచేట్టు, మామా అంటుంది. ఆమె ఆ ఇంట్లో పనికి చేరి తొమ్మిదేళ్లు. వాళ్లది రాయచోటి పక్కన పల్లె. మాది కోనసీమ. మొదటిసారి నేను "పిన్నిగారూ, మీరెలా ఉన్నారండీ" అంటే ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలిచానేమోనని. "అండీ గిండీ వద్దు మా. ఎవరో తాసిల్దారును పిలిచినట్లుండాది," అని నవ్వింది. గారు తీసేశాను. మీరు మాత్రం పోలేదు.

లాస్య డే కేర్ పన్నెండింటికి అయిపోతుంది. నా డ్యూటీ రెండింటికి. ఆ రెండు గంటలూ పిల్లని కింద ఉంచమని చెప్పింది ఉమ్ యూసుఫే. అలా ఏడాదిగా లాస్య ఆ వంటింట్లోనే అన్నం తింటోంది. 'ఏంది' అనడం, 'పద' అనడానికి అరబ్బీలో 'యల్లా' అనడం అక్కడే నేర్చుకుంది.

డాక్టరుకి చూపించి, మందు రాయించుకుని, సాయంత్రం నేరుగా ఉమ్ యూసుఫ్ హాల్లోకి వెళ్లాను. ఆవిడ తన పిల్లి మిష్మిష్‌కి వేయించిన టీకాల కార్డు తెచ్చి చూపించింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. రేబిస్ భయం పోయింది. అది పోగానే కోపం వచ్చింది. మిష్మిష్ ఆవిడ పక్కనే సోఫా మీద, అరబ్బీలో తన పేరుకి అర్థమైన ఆప్రికాట్ పండు రంగులో, ముద్దగా పడుకుని ఉంది.

"నా మిష్మిష్ దూది," అంది ఆవిడ ఇంగ్లీషులో. "మా ఆయన చనిపోయిన ఏడాది దీన్ని తెచ్చుకున్నాను. ఆరేళ్లయింది. ఎవర్నీ ఏమీ అనదు. పిల్ల తోక లాగి ఉంటుంది."

"మరి సంజీవమ్మ కూడా తోక లాగిందా?" అన్నాను. "ఆమె చేతులు చూడండి. నెల రోజుల గాయాలున్నాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఉమ్ యూసుఫ్ ముఖం మారిపోయింది. పిన్నిని పిలిచింది. చేతులు పైకి లాగమంది. చాలాసేపు చూసింది.

"ఎప్పటి నుంచి?"

"నెల, మామా."

"నాకెందుకు చెప్పలేదు?"

పిన్ని గౌను చేతులు కిందికి లాక్కుంది. ఆమె కువైట్ వచ్చి పదిహేడేళ్లు. మొదటి ఇల్లు జహ్రాలో, పదకొండు మంది కుటుంబం. అరబ్బీ ఆ ఇంటి పసిపిల్లల దగ్గరే నేర్చుకుంది. చెప్పుల చప్పుడుని బట్టి ఎవరు కోపంగా ఉన్నారో చెప్పగలదు. ఫిర్యాదు మోసుకొచ్చిన పనిమనిషి ఏ ఇంట్లోనూ ఎక్కువకాలం నిలవదన్నది కూడా ఆ ఇంట్లోనే నేర్చుకుంది. ఒళ్లు కాలినా, నడుం పట్టినా "అంతా బాగుంది మామా" అనేదే ఆమె జవాబు. ఆ రోజు ఆ జవాబు చెల్లలేదు.

"కొట్టకపోతే పిల్లి కరవదు," అంది ఉమ్ యూసుఫ్. "నువ్వు కొడుతున్నావు. అందుకే దాచావు. అది మనుషులంటే భయపడి పసిపిల్ల మీద పడింది."

"వల్లా మామా, ఒట్టు, నేను కొట్టలేదు."

"శుక్రవారం నా కూతురు దానాని తీసుకుని వస్తోంది. ఆ పిల్ల ఒంటి మీద ఒక్క గీత పడనీ. శనివారం నీ ఇఖామా కేన్సిల్, టికెట్టు. ఖలాస్."

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం; అది పోతే ఊరికి పోవడమే. దానా ఆవిడ మనవరాలు. అయిదేళ్లు. ప్రతి శుక్రవారం భోజనానికి వచ్చేది అమ్మమ్మ కోసమో పిల్లి కోసమో చెప్పడం కష్టం.

మెట్లెక్కుతుంటే పిన్ని వెనకే వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. "పాపకు జొరం వస్తే అర్ధరాత్రైనా లేపు మా," అని చెప్పి దిగిపోయింది.

ఆ మాట కంటే తిట్టడమే నయం.

మా ఆయన రమేష్‌బాబు షర్క్‌లో ఆఫీసు నుంచి వచ్చి, పిల్ల ముఖం చూసి, అంతా విని, "హవల్లీలో ఫ్లాట్లు బోలెడున్నాయి. వచ్చే నెల మారిపోదాం," అన్నాడు.

"మనం మారిపోతాం. ఆవిడ?"

"నువ్వు చెప్పింది అబద్ధం కాదుగా జ్యోతీ."

"సగం చెప్పాను. ఆ గాయాలు ఎందుకయ్యాయో నాకూ తెలీదు. తెలీకుండానే నోరు జారాను."

యాభై దాటిన ఆడమనిషికి ఇంకో ఇంట్లో పని దొరకడం కష్టమని పిన్నే చాలాసార్లు అనేది. ఊళ్లో భర్త రామసుబ్బయ్య నాలుగు మేకలు కాసుకుంటాడు. కూతురు రమణి కడపలో నర్సింగు మూడో ఏడాది. వీటన్నిటి కంటే ఆమెని పిండేసింది వేరే అని తర్వాత తెలిసింది. "పిల్లిని కొట్టిందని పంపించినారంటే ఊళ్లో ఏమని చెప్పుకోను? నోరు లేని జీవాన్ని కొట్టినదాన్నా నేను?"

బుధ, గురువారాలు సెలవు పెట్టాను. లాస్యని హవల్లీలో మా ఊరావిడ బేబి గారింట్లో దింపి, ఒక నోటుబుక్కు పట్టుకుని కింది వంటింట్లో కూర్చున్నాను. ల్యాబ్‌లో ఒక ఫలితం తేడాగా వస్తే మేం మొదట మనిషిని అనుమానించం. ఏ టైముకి తీశారు, ఎక్కడ పెట్టారు, దాని పక్కన ఏముంది అని అడుగుతాం. అదొక్కటే నాకు చేతనయిన పద్ధతి.

పిన్ని అప్పటికే తనకి చేతనయింది మొదలెట్టింది. గుప్పెట్లో ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని మిష్మిష్ వెనకాల తిరుగుతోంది.

"ఏంటిది పిన్నీ?"

"దిష్టి మా. బొచ్చు చూసి ఎవరి కన్నో పడింటాది."

"బాబోయ్, అక్కడ పెట్టేయండి! మామా చూస్తే పిల్లికి మంత్రం వేశావంటుంది. ఇక్కడ ఆ మాట పోలీసుల దాకా పోతుంది."

ఆమె గుప్పిట తెరిచి చూసుకుని, మిరపకాయలు డబ్బాలో, ఉప్పు సింకులో వేసేసింది. "అయితే నీ సైన్సే చెయ్యి," అంది.

"మిష్మిష్ మొదటిసారి ఎప్పుడు కరిచింది?"

"తారీకులు నాకేం ఎరుక మా?"

"ఆ రోజు ఏం వండారు?"

అది అడగ్గానే ఆమె కళ్లు పైకి తిప్పి ఆలోచించింది. వంట చెప్పమంటే తొమ్మిదేళ్లదైనా చెప్పగలదు. మొదటిసారి కరిచిన రోజు చేపల మజ్బూస్. రెండోసారి కోడి మజ్బూస్. మజ్బూస్ అంటే పెద్ద పళ్లెంలో మసాలా అన్నం మీద మాంసమో చేపో పెట్టి వడ్డించేది. మూడోసారి మళ్లీ చేపలు. మామా బయట భోంచేసిన రోజుల్లో పిల్లి ఏమీ చేయలేదు. ఉదయం చేయలేదు. సాయంత్రం చేయలేదు. హాల్లో ఎప్పుడూ చేయలేదు. ప్రతిసారీ వంటింట్లోనే, వెనక సందులోకి తెరిచే అద్దం తలుపు దగ్గరే, మధ్యాహ్నం ఒకటిన్నరకి కాస్త అటూ ఇటూగా.

నిన్న లాస్య కూడా ఆ తలుపు దగ్గరే ఆడుకుంటోంది.

"వాసనకేమో," అన్నాను. "చేప కావాలని."

"దానికి పెట్టినంక కూడా కరిచింది. పొట్ట నిండినాక కరిచే జంతువును ఈడే చూసినా."

నొప్పేమోనని చూశాం. ఒళ్లంతా నిమిరితే ఎక్కడా విదిల్చుకోలేదు. గోళ్లు, పళ్లు బాగున్నాయి. చేతులతో ఆడించి ఆడించి చేతుల్ని కరవడం అలవాటైందేమో అనుకున్నాను. దానా అలాగే ఆడుతుంది. కానీ అలవాటైతే వేళ చూసుకుని కరవదు కదా. మిష్మిష్ అల్లరి చేస్తే మామా ఏం చేస్తుందని అడిగాను. చెప్పు విసురుతుందట, డ్రైవరు రహీమ్ నీళ్లు చిమ్ముతాడట. ఆ రెండూ మానిపించాలని పుస్తకంలో రాసుకున్నాను. బెదిరిన పిల్లిని ఇంకా బెదరగొడితే పంజా ఇంకా ముందే లేస్తుంది. అయినా అసలు కారణం నాకు అందలేదు. ఒక రోజు అయిపోయింది.

గురువారం ఒంటిగంటకి భోజనాలయ్యాయి. పళ్లెం వంటింట్లోకి వచ్చింది, సగానికి పైగా అన్నం మిగిలి. నేను అల్మరా పక్కన మూలకి ఒదిగి నిలబడ్డాను. పిన్ని నా వైపు ఒకసారి చూసింది, తటపటాయించింది. తర్వాత పళ్లెం అంచున ఉన్న అన్నం, చేప ముళ్లు ఒక రేకు గిన్నెలోకి తోసి, అద్దం తలుపు కొంచెం తెరిచి, గిన్నె బయట గడప కింద పెట్టి, తలుపు వేసేసింది. అంతా అర నిమిషం.

మిష్మిష్ బల్ల కింద పడుకుని ఉంది. తల ఎత్తింది.

సందులో గ్యాస్ సిలిండర్ల వెనక నుంచి మొదట ఒక నల్లపిల్లి, తర్వాత ఇంకో రెండు. వాటన్నిటినీ పక్కకి నెట్టుకుంటూ బూడిదరంగు గండుపిల్లి ఒకటి వచ్చింది. తల పుచ్చకాయంత ఉంది. ఒక చెవి సగం లేదు. గిన్నెలో మూతి పెట్టే ముందు అద్దం లోపలికి చూసి, గోడకి వీపు ఆనించి, తోక నిక్కించి తన వాసన చిమ్మింది.

మిష్మిష్ అద్దం దగ్గరికి వచ్చింది. నడిచి రాలేదు, నేలకి కరుచుకుని పాక్కుంటూ వచ్చింది. చెవులు వెనక్కి, తలకి అతుక్కుపోయాయి. కళ్లలో నలుపు తప్ప రంగు లేదు. తోక నేలని అటూ ఇటూ కొడుతోంది. గొంతులోంచి వచ్చే చప్పుడు, దూరంలో మోటారు పంపు నడుస్తున్నట్టు, సన్నగా మొదలై పెరుగుతోంది. అద్దాన్ని ఒక్క దెబ్బ కొట్టింది. బయటి గండుపిల్లి తల కూడా ఎత్తలేదు, తింటోంది.

పిన్ని పళ్లెం సింకులో పెట్టడానికి ఒక అడుగు వేసింది. ఆ అడుగు చప్పుడుకి మిష్మిష్ గిర్రున తిరిగి ఆమె కాలి మీద పడింది.

నేను అరవబోయి నోరు మూసుకున్నాను. పిన్ని కూడా అరవలేదు. చెట్టులా నిలబడిపోయింది. మూడు, నాలుగు లెక్కపెట్టేంతసేపు. మిష్మిష్ వదిలి, బల్ల కిందకి దూరి, ఇంకా గుర్రుమంటూనే ఉంది. పిన్ని పాదం మీద రెండు ఎర్రటి చుక్కలు.

"పిన్నీ, అది మిమ్మల్ని కరవలేదు," అన్నాను. "వాడిని కరిచింది. వాడు అందలేదు. అద్దం అడ్డం. దగ్గర్లో కదిలింది మీరు. మొన్న కదిలింది లాస్య."

ఆమె సందులోకి, బల్ల కిందకి, మళ్లీ సందులోకి చూసింది.

"అత్త మీద కోపం దుత్త మీద," అంది నెమ్మదిగా.

"అంతే. అచ్చం అంతే."

"వాని మొగం చూసినావా? రాయచోటి బస్టాండులో రౌడీ మాదిరుండాడు. ఇంటి ముందుకొచ్చి తొడ గొడతాండాడు, ఇదేమో తలుపు తీసేదిక్కు లేక నన్ను పట్టుకోనుండాది." నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. స్టూలు మీద కూలబడింది. "అయితే చేసింది నేనే."

అప్పుడు చెప్పింది. జహ్రా ఇంట్లో చేరిన మొదటి శుక్రవారం, పళ్లెంలో మిగిలిన అన్నాన్ని చెత్తసంచిలోకి గుమ్మరించమన్నారట. గుమ్మరించింది. ఆ చప్పుడు పదిహేడేళ్లయినా ఆమె చెవులకి అలవాటు కాలేదు. వేరుశనగ పండని ఏడాది సంగటి ముద్దని నలుగురికి పంచిన తల్లి కూతురు. ఆ రోజు నుంచీ ఏ ఇంట్లో ఉన్నా, చెత్తకి పోయేదాంట్లోంచి కొంత తీసి వీధి జీవాలకి పెడుతుంది. పెట్టాకే తను తింటుంది.

"మామాకి తెలుసా?"

"అదే కదా మా. రెండేండ్ల కింద పిల్లులు కారెక్కి గీకినాయని, సందులో కంపు కొడతాందని, ఇంటి ఆవరణలో ఒక్క మెతుకు పడకూడదని చెప్పింది. సరే మామా అన్నా. మానలేదు. ముందు గేటు పక్కన పెట్టేదాన్ని. నెల కింద ఆడ కెమెరా పెట్టినారు. అందుకే ఈ సందులోకి మార్చినా."

నెల కింద. నా పుస్తకంలో ఆ ఖాళీ అలా నిండింది.

"ఇందులో చెప్పాల్సిందేం లేదు పిన్నీ," అన్నాను. "పెట్టడం ఆపేయండి. అద్దానికి కాగితం అంటిద్దాం. పిల్లి వాటిని చూడకపోతే చాలు, పది రోజుల్లో దారికొస్తుంది. మామాకి కారణం తెలియాల్సిన పని లేదు."

"కొట్టిందన్న మాట?"

"కరవడం ఆగిపోతే ఆ మాటా మర్చిపోతారు."

ఆమె నా వైపు చూసిన చూపులో, చదువుకున్నదానికి ఇంతేనా తెలిసింది అన్నట్టుంది. కానీ ఒప్పుకుంది. ఆ సాయంత్రం అద్దం తలుపుకి నా ఎత్తు దాకా తెల్లకాగితాలు అంటించాం. గోడ మీద వాసన పోయేదాకా పిన్ని కడిగింది. మిష్మిష్‌ని వంటింటి పక్కనున్న సామాన్ల గదిలో నీళ్లు, ఇసుక ట్రే పెట్టి, దీపం ఆర్పి, ఎవరూ పలకరించకుండా నాలుగు గంటలు ఉంచాం. కోపం దిగడానికి దానికి అంత టైము పడుతుంది. తర్వాత ఒక కర్రకి రిబ్బను కట్టి, దూరం నుంచి ఆడించి, ఆడాక తిండి పెట్టాం. చేతికి, పంజాకి మధ్య ఎప్పుడూ ఒక గజం ఉండాలన్నాను. రేపు భోజనాల వేళకి దాన్ని మళ్లీ గదిలోనే ఉంచాలనుకున్నాం.

శుక్రవారం నన్ను సాయానికి రమ్మని పిన్నే అడిగింది. నేను దిగేసరికి పన్నెండున్నర. వంటింట్లో అడుగుపెట్టగానే కళ్లలో వెలుగు పడింది. అద్దం మీద కాగితాలు లేవు.

"మామా చింపేసింది," అంది పిన్ని పళ్లెంలో అన్నం సర్దుతూ. "చుట్టాలొచ్చే పూట మూసేసిన కొట్టు మాదిరి ఏందిదంటా."

"ఏదైనా గుడ్డ కట్టనా?"

"మళ్లీ చింపుతాది. పిల్లి గదిలో ఉండాది కదా. చాలు."

ఒంటిగంటకి వడ్డించారు. హాల్లోంచి నవ్వులు, గిన్నెల చప్పుడు. ఒంటిగంట ఇరవైకి నల్లపిల్లి సందులోకి వచ్చి గడప కింద కూర్చుంది. గిన్నె లేదు. కూర్చునే ఉంది. తర్వాత మిగతావి. నెల రోజులు వేళకి తిండి పెట్టిన చోటు ఒక్క రోజులో ఎలా మర్చిపోతాయి? పిన్ని వాటి వైపు వీపు పెట్టి గిన్నెలు కడుగుతోంది. నీళ్లు అవసరానికి మించి వదిలింది, వాటి అరుపులు వినపడకుండా.

ఖాళీ పళ్లెం వచ్చింది. బోర్లిస్తే లాస్యని కప్పేసేంత స్టీలు పళ్లెం. పిన్ని దాన్ని రెండు చేతులతో అందుకుంది. అదే క్షణంలో మా వెనక గడియ తీసిన చప్పుడయింది.

"మిష్మిష్!" అంది దానా.

సామాన్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది. మిష్మిష్ అప్పటికే దానాని దాటి వచ్చేసింది. సరిగ్గా అద్దానికి అవతల, సగం చెవి గండుపిల్లి గోడ దూకి దిగింది.

మళ్లీ అదే. చెవులు అతుక్కుపోయాయి. కళ్లు నల్లబడ్డాయి. మోటారు పంపు చప్పుడు. దానా చేతులు చాపి దాని వైపు వంగుతోంది, ఎత్తుకోవడానికి. ఆ పిల్ల ముఖం మిష్మిష్ వీపుకి రెండు జానల ఎత్తులో ఉంది. నాకు లాస్య చెంప మీది గీత కనపడింది. కదిలితే మంచిదో చెడ్డదో తెలియలేదు.

పిన్ని పరుగెత్తలేదు. పళ్లెం నిలువుగా పట్టుకుని, పాదాలు నేల మీద ఈడుస్తూ, నేల తుడుస్తున్నంత నెమ్మదిగా పక్కకి జరిగింది. పిల్లకీ పిల్లికీ మధ్య పళ్లెం దించింది. "దానా, హబీబ్తీ, గమ్మునుండు," అంది అరబ్బీలో, తెలుగులో కలిపి, పాలు తాగే బిడ్డతో మాట్లాడే గొంతుతో. మిష్మిష్ తిరిగింది. పళ్లేనికి తగిలింది. ఖంగుమని ఇల్లంతా మోగింది. ఇంకోసారి తగిలింది. తర్వాత పక్కకి జారి, తెరిచి ఉన్న గదిలోకే దూసుకుపోయింది. పిన్ని కాలితో తలుపు మూసింది.

దానా ఒంటి మీద గీత లేదు. ఆ చప్పుడుకి బెదిరి ఏడుపు లంకించుకుంది.

ఉమ్ యూసుఫ్ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనక కూతురు నూరా. వాళ్లకి కనపడింది ఏడుస్తున్న పిల్ల, పారిపోయిన పిల్లి, రెండు చేతులతో పళ్లెం పట్టుకుని నిలబడ్డ సంజీవమ్మ.

"నా కళ్లతో చూశాను," అంది ఉమ్ యూసుఫ్. గొంతు పెద్దది కాలేదు. అదే ఎక్కువ భయమేసింది. "పళ్లెంతో కొట్టావు. నా ముందే."

"కాదండీ, కొట్టలేదు, అడ్డం పెట్టింది," అని నేను ఇంగ్లీషులో మొదలెట్టాను. పుస్తకం తెరిచి నూరాకి చూపించబోయాను, తేదీలు, వేళలు, అన్నీ. నూరా పిల్లని ఎత్తుకుని దాని చేతులు, మెడ తడుముతోంది. నా పుస్తకం వైపు చూడలేదు. ఆ స్థానంలో ఉంటే నేనూ చూడను.

పిన్ని పళ్లెం బల్ల మీద పెట్టింది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. తర్వాత అద్దం తలుపు దగ్గరికి నడిచి, మామాని వచ్చి చూడమంది. సందులో నాలుగు పిల్లులు వరసగా, గిన్నె కోసం చూస్తున్నాయి.

ఆమె చెప్పింది అరబ్బీలో. నాకు సగమే అర్థమైంది, మిగతాది నూరా నాకు తర్వాత చెప్పింది. "మామా, వీటికి అన్నం పెట్టింది నేను. మీరు వద్దన్నారు. సరే అని, పెట్టినాను. వీటిని చూసి మిష్మిష్‌కి కోపం. అద్దం దాటి పోలేక మా మీద పడుతోంది. పాప చెంప మీద గీత నా తప్పు. నా చేతుల మీదవీ నా తప్పే. కానీ కొట్టలేదు. మాట వినలేదని పంపిస్తే పోతాను. కొట్టిందని పంపించొద్దు."

ఉమ్ యూసుఫ్ అద్దంలోంచి చూస్తూ నిలబడింది. గండుపిల్లి ఆవిడ వైపు చూసి, గోడకి వీపు ఆనించి, తోక నిక్కించింది. లోపల గదిలో మిష్మిష్ గుర్రుమంది. ఆవిడ ఆ చప్పుడు విని తలుపు వైపు, మళ్లీ అద్దం వైపు చూసింది.

"రెండేళ్లా?" అంది.

"రెండేళ్లు, మామా."

"రోజూ?"

"రోజూ."

"నా ఇంట్లో, నాతో సరే అని చెప్పి."

పిన్ని అవునని తల ఊపింది. తొమ్మిదేళ్లలో ఆమె "అంతా బాగుంది మామా" అనని రోజు బహుశా అదొక్కటే.

దానా ఏడుపు తగ్గించి, తల్లి భుజం మీద నుంచి, "ఆ పిల్లికి చెవి ఏదీ?" అని అడిగింది.

ఉమ్ యూసుఫ్ హాల్లోకి వెళ్లిపోయింది. మిగతా మధ్యాహ్నమంతా ఆ ఇంట్లో ఎవరూ పిన్నితో మాట్లాడలేదు. ఆమె గిన్నెలు కడిగింది, టీ పెట్టింది, పళ్లెంలో ఖర్జూరాలు సర్దింది. నేను మేడ మీద కిటికీ దగ్గర లాస్యని ఒళ్లో పెట్టుకుని, ఏ అలికిడైనా వింటూ కూర్చున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదింటికి రహీమ్ కారు తీశాడు. ఉమ్ యూసుఫ్ వెళ్లింది. పిన్ని తన గదిలో పెట్టె సర్దుకుంటోందని మెట్ల మీద నుంచి కనపడింది. కిందికి వెళ్లాను. పెట్టెలో నాలుగు గౌన్లు, రమణి ఫోటో, పసుపు డబ్బా. "చెప్పించుకునే ముందే సర్దుకుంటే మర్యాద," అంది.

పదకొండింటికి కారు తిరిగొచ్చింది. రహీమ్ వెనక సీటులోంచి ఒక పొడుగాటి చుట్ట దించాడు. పాలరంగు ప్లాస్టిక్ కాగితం, అద్దాలకి అంటించేది. ఉమ్ యూసుఫ్ వంటింట్లో నిలబడి, తలుపు పైనుంచి కింద దాకా అంటించమంది. మధ్యలో ఒక చోట బుడగ వచ్చిందని ఊడదీయించి మళ్లీ అంటించింది. అది అయ్యాక పిన్ని వైపు తిరిగింది. గోడకి లోపల ఒక్క మెతుకు పడినా ఆ రోజే టికెట్టు అంది. గోడ బయట, వీధి చివర చెత్తకుండీ దాటాక నువ్వేం చేస్తావో నేను చూడను అంది. చెప్పు విసరడం మానుతానని మాత్రం అనలేదు. కానీ ఆ తర్వాత విసిరినట్టు పిన్ని చెప్పలేదు.

"కొట్టలేదు కదా?" అని చివరిగా ఒకసారి అడిగిందట, తలుపు దగ్గర ఆగి.

"లేదు మామా."

"సరే."

ఇఖామా కాగితాలు ఆ నెలాఖరుకి రెన్యూ అయ్యాయి. మిష్మిష్ రెండు వారాల్లో ఒక్కసారే గుర్రుమంది, సందులో అరుపులు వినపడ్డప్పుడు. అప్పుడు పిన్ని దీపం ఆర్పేసి, దాన్ని వంటింట్లో ఒంటరిగా వదిలి, తలుపేసి బయటికొచ్చి నిలబడిందట. పిల్లులు మొదట్లో రోజూ వచ్చేవి. తర్వాత వీధి చివరికి మారాయి. ఒకటిన్నర ఎండలో, తలకి తువ్వాలు చుట్టుకుని, రేకు గిన్నెతో ఆమె అంత దూరం నడిచి వెళ్లి పెట్టి వస్తుంది. వచ్చి అప్పుడు తింటుంది.

మూడో వారం నేను లాస్యని తీసుకుని కిందికి వెళ్లాను. దాని చెంప మీది గీత సన్నబడి, పౌడరు వేస్తే కనపడనంత అయింది. "మళ్లీ ఇక్కడ దింపనా పిన్నీ? మీకు ఇబ్బంది లేకపోతే," అన్నాను. ఆ మాట అనడానికి ఎంతసేపు నన్ను నేను కూడదీసుకున్నానో నాకు తెలుసు. ఆమెకీ తెలిసినట్టుంది.

లాస్య చేతులు చాపింది. పిన్ని ఎత్తుకుంది, చెంప వెలుగుకి తిప్పి గీత చూసింది, వేలు తగలకుండా. తర్వాత నాకు తిరిగిచ్చేసింది.

"ఇంకో నెల పోనీ మా," అంది. "మిష్మిష్‌ది పూర్తిగా నమ్మేదానికి లేదు ఇంకా. నీకూ గుండె నిలబడదు. ఒకటికి రెండుసార్లు ఫోన్ చేస్తావు, నాకు పని సాగదు."

"చెయ్యను."

"చేస్తావు పో," అంది నవ్వి. "నేనైనా చేస్తా."

బేబి గారికి ఇంకో నెల అడగడానికి నేను ఫోన్ తీశాను. ఒంటిగంట ఇరవై అవుతోంది. పిన్ని గిన్నె అందుకుని, తువ్వాలు తలకి చుట్టుకుంటూ, నాకంటే ముందే గేటు దాటి వెళ్లింది.